ఎండలో పెట్టరాదు

నేను గేదెల్ని మేపాను, కోళ్ళని పెంచాను, నలుగురు పిల్లల్ని పెంచాను, పని లేని రోజుల్లో మా ఆయన్నీ మేపాను. ఇవన్నీ కంటికి కనపడేవి. ఆకలేస్తే అరుస్తాయి, ఒంట్లో బాగోకపోతే మూల పడుకుంటాయి. కంటికి కనపడని వాటిని పెంచే పని మాత్రం నాకు అరవై దాటాక వచ్చింది. అవి అరవవు. చచ్చినా చెప్పవు. వాటితో చిక్కంతా అక్కడే.

మా ఊరు రామచంద్రపురానికి ఆటోలో అరగంట. కాలవ గట్టు మీద పాత పాలకేంద్రం గది ఖాళీగా పడి ఉంటే పంచాయతీ వాళ్ళు మా ఆడవాళ్ళ గ్రూపుకి ఇచ్చారు. మేం పది మందిమి. అందరం ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి నడుములు వంచిన వాళ్ళమే. మిషన్లు వచ్చి కోతలు పోయాయి, ఊడ్పులు సగం పోయాయి, నడుములు మాత్రం మళ్ళీ తిన్నగా అవలేదు. ఆ గదిలో మూడు నీలం డ్రమ్ములు పెట్టుకున్నాం. పొలానికి మేలు చేసే బాక్టీరియాని వాటిలో పెంచి, కలిపి, సీసాల్లో పోసి రైతులకి ఇవ్వడం మా పని.

నేర్పింది ఒక ల్యాబ్ మేడం. రాజమండ్రి వైపు నుంచి వచ్చేది. మా చిన్నమ్మాయి కన్నా చిన్నది, నన్ను మామ్మగారూ అనేది. మొదటి రోజు మా చెరువు గట్టున గుప్పెడు మట్టి తీసి, "ఇందులో మీ ఊరి జనం కన్నా ఎక్కువ ప్రాణులున్నాయండి" అంది.

"వాళ్ళకీ రేషన్ కార్డులు ఉన్నాయాండి?" అంది మా తోటికోడలు.

తోటికోడలంటే మా మరిది భార్య. వయసులో నాకన్నా పదేళ్ళు చిన్న, నోట్లో నాకన్నా పదేళ్ళు పెద్ద. గ్రూపులో ఏ పని మొదలుపెట్టినా ముందు తను ఒక వెటకారం ఆడాలి, తర్వాత చెయ్యి కడుక్కుని అందరికన్నా ఎక్కువ పని చెయ్యాలి. అది తన పద్ధతి.

మేడం మూడు రకాల బాక్టీరియాని పట్టుకొచ్చింది. ఒకటి గాల్లో ఉన్న నత్రజనిని పట్టి వరి వేళ్ళకి అందిస్తుంది. రెండోది మట్టిలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కరిగిస్తుంది. మూడోది పొటాషుని విడదీస్తుంది. వాటికి పేర్లున్నాయి గానీ ఆ పేర్లు మాలో పళ్ళున్న వాళ్ళకే సగం పలికాయి, లేని వాళ్ళకి అసలు పలకలేదు. అందుకని మేమే పెట్టుకున్నాం. గాలిది పెద్దకోడలు, భాస్వరానిది నడిపికోడలు, పొటాషుది చిన్నకోడలు. మేడం మొదట్లో మొహమాటపడింది. నెల తిరిగేసరికి తనే ఫోన్ చేసి, "పెద్దకోడలు ఎలా ఉందండి?" అని అడిగేది. బస్సులో పక్కన కూర్చున్న వాళ్ళు ఏమనుకునేవారో.

మేడం ఆలోచన ఏంటంటే, ముగ్గుర్నీ ఒకే డ్రమ్ములో వేసి ఒకేసారి పెంచాలి. పని కలిసొస్తుందని. వాటికి తిండిగా ల్యాబ్‌లో ఏదో పొడి కలిపిన నీళ్ళు పోస్తారంట. అది మాకు ఎక్కడ దొరుకుతుంది? "మీ ఊళ్ళో ఊరికే పారబోసేది ఏదైనా ఉందాండి?" అని అడిగింది. మాకు ఆలోచించే పని లేదు. మా ఊరి చివర ఎండుకొబ్బరి షెడ్డు ఉంది. రోజంతా కాయలు కొట్టి ఆరేస్తారు, నీళ్ళన్నీ బోదెలోకి పోతాయి. ఆ బోదె పక్కనుంచి వెళ్ళాలంటే ముక్కు మూసుకోవాలి. ఆ నీళ్ళనే బిందెల్లో పట్టుకొచ్చి, మరిగించి, చల్లార్చి, కాస్త బెల్లం కలిపి పోశాం. పెద్దకోడలికి ఎంత నచ్చిందంటే, రెండు రోజుల్లో నీళ్ళు పాలలాగా తెల్లబడ్డాయి.

కానీ ముగ్గుర్నీ కలిపితే మాత్రం కుదర్లేదు. కిటికీ గట్టు మీద వరసగా సీసాలు పెట్టి చూశాం. ఒకదానిలో బెల్లం ఎక్కువ, ఒకదానిలో తక్కువ, ఒకదానిలో ముందు దీన్ని, వెనక దాన్ని. ఎలా వేసినా నాలుగో రోజుకి నీళ్ళు పులిసిపోయేవి. నడిపికోడలు పెరిగేటప్పుడు పులుపు వదులుతుందంట. రాయిలాంటి భాస్వరాన్ని కరిగించేది ఆ పులుపేనంట. మిగతా ఇద్దరికీ అది పడదు. ఇద్దరూ నీరసించిపోయేవారు.

"నోరున్న దానితో కాపురం అంతే" అంది మా తోటికోడలు. ఎవరి గురించి అందో నేను అడగలేదు.

నేను మేడంతో ఒకటే అన్నాను. "అన్నం, పప్పు, పులుసు ఒకే గిన్నెలో వండుతామాండి? దేని గిన్నె దానిదే. విస్తట్లో కలుపుకుంటాం." మేడం నావంక చూసి, నోటు పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. ల్యాబ్‌లో చూసుకుని వచ్చి, మామ్మగారు చెప్పినట్టే చేద్దామంది. అప్పట్నుంచి మూడు డ్రమ్ముల్లో వేరువేరుగా పెంచి, సీసాల్లో పోసే రోజున మాత్రమే కలుపుతున్నాం. "మొత్తానికి వేరు కాపురాలు పెట్టించావక్కా" అంది మా తోటికోడలు. ఆ ఒక్క మాటా నాకు గొప్పగానే ఉండేది. ఆ గొప్పే నన్ను తిన్నగా గోతిలోకి తీసుకెళ్ళింది.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలి.

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. అంతకు ముందు నలభై ఏళ్ళు చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని నిలబడి పాడాను. పాటలన్నీ నోటికి వచ్చు, పుస్తకం చేతికి అందం. ఒక ఆదివారం పక్కన నిలబడ్డ టీచరుగారి భార్య ఏమీ అనకుండా నా చేతిలో పుస్తకం తీసుకుని, తలకిందులు తిప్పి మళ్ళీ నా చేతిలో పెట్టింది. సోమవారం నేను పలక కొన్నాను. పాస్టరమ్మగారు మధ్యాహ్నాలు చర్చి అరుగు మీద మాకు నలుగురికి అక్షరాలు దిద్దించారు. ముగ్గురు మానేశారు. నేను మానలేదు, ఎందుకంటే మానేస్తానని మా తోటికోడలు ఊరంతా చెప్పింది.

కానీ నా చదువు కళ్ళతో అయ్యేది కాదు. నోటితో అవ్వాలి. ఒక్కో అక్షరం పైకి అని, అవన్నీ కలిపి ఇంకోసారి అని, అది నా చెవిన పడి, ఎవరో మనిషి నాతో మాట్లాడినట్టు వినపడితే అప్పుడు నాకు అర్థమవుతుంది. "మీరు చదవట్లేదండి, మీతో మీరే కబుర్లాడుకుంటున్నారు" అనేవారు పాస్టరమ్మగారు. ఇందులో తప్పేంటో నాకు చాలా రోజులు తెలియలేదు.

మా మిశ్రమం పొలంలో వేస్తానని ఊళ్ళో మొదట ముందుకొచ్చింది ఒకే ఒక్క కౌలు రైతు. మూడెకరాలు చేస్తాడు. వాళ్ళమ్మ పొలంలో నేను ఊడ్పులకి వెళ్ళే రోజుల్లో గట్టు మీద మట్టి తింటూ కూర్చునేవాడు. అప్పుడే అనుకోవాల్సింది, వీడికి మట్టితో పని పడుతుందని. నన్ను పిన్నీ అంటాడు. సార్వాకి, అంటే తొలకరి పంటకి, ఒక ఎకరంలో నారు వేళ్ళు మా మిశ్రమంలో ముంచి ఊడ్చి, మొదటి దఫా యూరియా మానేసి చూడాలని మేడం అడిగింది. ఆ ఎకరం ఎర్రబడితే అతనికి తిండిగింజలు తగ్గుతాయి. ఇంక ఊళ్ళో మా గుమ్మం తొక్కే రైతు కూడా ఉండడు.

"పిన్నీ, నీ మొహం చూసి ఒప్పుకుంటున్నా" అన్నాడు. "నీ కోడళ్ళ మొహం నాకు కనపడదు కదా."

"ఆ ఎకరం నా పూచీ" అన్నాను. ఎవరూ అడగలేదు. నేనే అన్నాను.

ఊడ్పులు ఇంకా పది రోజులున్నాయనగా మేడం మూడు తల్లి సీసాలు పంపింది. తల్లి సీసా అంటే పెరుక్కి తోడు లాంటిది. అరచెయ్యంత సీసాలో బాక్టీరియా ఉంటుంది, దాన్ని డ్రమ్ములో వేస్తే డ్రమ్ము నిండా పెరుగుతుంది. మేడానికి వేరే పని పడి బస్సులో పంపితే మా తోటికోడలు రామచంద్రపురం బస్టాండులో దింపించుకుని తెచ్చింది. ఎప్పుడూ లేబుళ్ళు చదివేది మా గ్రూపులో పదో తరగతి చదివిన అమ్మాయి. ఆ రోజు వాళ్ళ అత్తగారితో అన్నవరం వ్రతానికి వెళ్ళింది. డ్రమ్ములు కూడా ఇంకా ఖాళీ అవలేదు, ఎల్లుండి దాకా సీసాలు ఉంచాలి. ఎలా ఉంచాలి?

"లేబుల్ ఉంది కదక్కా. నీకు చదువొచ్చు కదా" అంది మా తోటికోడలు. పొగిడిందో పొడిచిందో తెలియలేదు. నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. మిగతా వాళ్ళు చుట్టూ చేరారు. సీసాని చాచిన చేతి దూరంలో పట్టుకుని మొదలుపెట్టాను.

"ఎం-డ-లో. పె-ట్ట-రా-దు." ఊపిరి తీసుకుని మళ్ళీ కలిపాను. "ఎండలో పెట్టరాదూ."

మా తోటికోడలు బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఎంత మర్యాదో చూడండే. పెట్టండి అని హుకుం చెయ్యకుండా, పెట్టరాదూ అని బతిమాలింది. చదువుకున్న వాళ్ళ దారే వేరు."

మాకు ఎవరికీ అందులో వింత కనపడలేదు. మా ఇళ్ళల్లో ఆ మాట అలాగే వాడతాం. గుమ్మంలో నిలబడ్డ వాళ్ళని కూర్చోరాదూ అంటాం. విస్తరి ముందు మొహమాటపడే వాళ్ళని ఇంకాస్త కూర వేసుకోరాదూ అంటాం. అలిగిన వాళ్ళని ఇంక ఊరుకోరాదూ అంటాం. రాదూ అంటే మాకు బుజ్జగింపు. మేడం కూడా మెత్తటి మనిషే. మేడం గొంతే సీసా మీంచి మాట్లాడినట్టు నాకు వినపడింది.

కింద ఇంకో ముక్క ఉంది. అదీ చదివాను. చల్లని చోట నిల్వ ఉంచవలెనని. అది విన్నాక ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది. వడియాలైనా, విత్తనాలైనా, మిరపకాయలైనా ముందు ఎండబెట్టి, తర్వాత చల్లటి చోట దాస్తాం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చేస్తున్న పనే.

మర్నాడు పొద్దున్నే పాలకేంద్రం డాబా మీద గోనెపట్టా పరిచి, మా తోటికోడలి మిరపకాయల పక్కన మూడు సీసాలూ పెట్టాం. నాలుగు రోజులుగా ముసురు పట్టి, సరిగ్గా ఆ రోజే ఎండ కాసింది. దేవుడు కూడా మా పక్షమే అనుకున్నాం. గంటకోసారి నేను మెట్లెక్కి సీసాల్ని రెండో వైపు తిప్పాను, అన్ని వైపులా సమానంగా తగలాలని. మా తోటికోడలు కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చుంది. కాకి బాక్టీరియాని ఏం చేసుకుంటుందే అంటే, "తీసుకెళ్ళి దాని పొలంలో వేసుకుంటుందేమో" అంది. మధ్యాహ్నం సీసా ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. బాగా పడుతోంది అనుకున్నాను.

సాయంత్రం దించి, గదిలో తడిబట్ట చుట్టి ఉంచి, తెల్లారి డ్రమ్ముల్లో పోశాం.

మూడో రోజుకి నురగ వచ్చింది. ఇదివరకెప్పుడూ అంత నురగ రాలేదు. మూతలు పైకి లేచాయి. నేను ఊరంతా చెప్పాను. ఐదో రోజుకి గదిలో అడుగుపెడితే తియ్యటి, పుల్లటి వాసన. మా తోటికోడలు వాసన చూసి, "అక్కా, పాస్టరుగారు ఇటువైపు వస్తే ఏం చెబుదాం?" అంది. ఆ వాసన కల్లు వాసనలాగే ఉంది. కొబ్బరినీళ్ళు కదా, కాస్త అలాగే ఉంటుందిలే అన్నాను. తెలియని దాన్ని సర్దిచెప్పడంలో నాకు చాలా అనుభవం ఉంది.

ఏడో రోజు మేడం వచ్చింది. ఊడ్పులు ఇంకా రెండు రోజులు. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చింది. మూడు మూతలూ తీసి చూసింది. సంచిలోంచి మైక్రోస్కోపు తీసి, చుక్క వేసి, చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూడమంది. గుండ్రంగా, బొద్దుగా, సగ్గుబియ్యంలా ఏవో ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

"నిద్రపోతున్నాయాండి?" అన్నాను.

"ఇవి మనవి కావండి. ఇది ఈస్టు. గాల్లోంచి వచ్చి పడింది. మన వాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరు." డ్రమ్ము మీద చెయ్యి వేసి అడిగింది. "మామ్మగారూ, తల్లి సీసాలు ఎక్కడ ఉంచారండి?"

"మీరు చెప్పినట్టేనండి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎండలో. అన్ని వైపులా తిప్పాం. కాకి కూడా వాలలేదు."

మేడం స్టూలు లాక్కుని కూర్చుంది. "నేనెప్పుడు చెప్పానండి?"

కడిగి బోర్లించిన సీసా తెచ్చి చేతిలో పెట్టాను. లేబుల్ ఇంకా ఉంది. "ఇదిగోండి. మీ మాటే."

మేడం చదివింది. అవే అక్షరాలు. కానీ తన నోట్లో ఆ మాట చివర తెగిపోయింది. నేను సాగదీసిన చోట తను తలుపు వేసేసింది. "పెట్టరాదు అంటే, పెట్టకూడదని అండి."

నాకు ముందు కోపం వచ్చింది. తప్పు మనదని తెలిసినప్పుడు ముందు వచ్చేది అదే.

"అయితే కూడదు అని రాయాలి కదండి? మా చర్చి గోడ మీద ఆజ్ఞలు రాసి ఉన్నాయి. ఇంచుమించు అన్నిటి చివరా కూడదనే ఉంది. దేవుడంతటి వాడు తిన్నగా చెప్పాడు. మీకేం వచ్చిందండి?"

మేడం సీసా మీద లేబుల్ మళ్ళీ చూసింది. తర్వాత, "నిజమేనండి" అంది. "మేం లేబుల్ రాసేటప్పుడు చదివే మనిషిని తలుచుకోలేదు." ఇంకెవరైనా అయితే వాదించేవారు. వాదించి ఉంటే నాకు బాగుండేది.

మళ్ళీ కొత్త తల్లి సీసాలు తెచ్చి పెంచాలంటే ఎనిమిది రోజులు. నారు తీయడం రేపే. మేడం సీసాల కోసం వెంటనే బయల్దేరింది. మేడం ఆటో మలుపు తిరిగాక మా తోటికోడలు మెల్లగా అంది.

"అక్కా. ఉన్నదే ఇచ్చేద్దాం. కంటికి కనపడవు కదా. ఎవరికి తెలుస్తుంది?"

వెటకారం కాదు, నిజంగానే అంది. నేనూ వెంటనే ఛీ అనలేదు. నిజం రాయడానికే కదా కూర్చున్నాను, ఆలోచించాను. మూత పెట్టి, సీసాల్లో పోసి, లేబుల్ అంటిస్తే అతను ముంచుకుంటాడు, ఊడ్చుకుంటాడు. పైరు ఎర్రబడేసరికి నెల పడుతుంది. నెల తర్వాత తప్పు వాన మీద వెయ్యొచ్చు, కాలవ నీటి మీద వెయ్యొచ్చు, విత్తనం మీద వెయ్యొచ్చు. మొయ్యడానికి చాలా వీపులున్నాయి. కానీ నా మాట మీద అతను యూరియా మానేసి కూర్చుంటాడు. పిల్లకి పాలు పట్టానని తల్లితో చెప్పి, ఖాళీ సీసా నోట్లో పెట్టినట్టు. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బయల్దేరాను. మా తోటికోడలు, "చెప్పులు వేసుకెళ్ళరాదూ, గట్టంతా బురద" అంది. ఆ మాట వింటే ఒళ్ళు మండింది.

అతను నారుమడి దగ్గర కట్టలకి గడ్డి పేనుతున్నాడు.

"ఏంటి పిన్నీ, ఉత్త చేతుల్తో వచ్చావ్? సీసాలేవి?"

"సీసాల్లోవి చచ్చిపోయాయి."

"ఎవరు చంపారు?"

"నేనే."

"ఎలా?"

"చదివి."

అతను పేనడం ఆపాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కూర్చోమని గట్టు మీద చోటు చూపించాడు. జరిగినదంతా చెప్పాను. కాకుల దగ్గర మూతి ఒక్కసారి వంకర తిరిగింది గానీ బిగబట్టాడు. చివరికి నారుమడి వైపు చూస్తూ అన్నాడు.

"ఎకరం నీ పూచీ అన్నావ్."

"అన్నాను. అందుకే వచ్చాను. నువ్వు యూరియా వేసేసుకో. నా మాట పోతే పోనీ, పైరు పోకూడదు."

"కూడదు" అన్నాడు. అప్పుడు నవ్వాడు. "ఇది బాగా అర్థమైంది."

కాసేపు గడ్డి పేని, మళ్ళీ అడిగాడు. "కొత్తవి ఎప్పటికి పుడతాయి?"

"ఎనిమిది రోజులు."

"అప్పటికి ఊడ్పులైపోతాయి. వేళ్ళు ముంచడం ఉండదు."

"పశువుల పేడ గెత్తంలో కలిపి, నీళ్ళు పల్చగా పెట్టి, చల్లితే సరిపోతుందంట."

"ఇది చదివావా, విన్నావా?"

"విన్నాను. మేడం నోటితో చెప్పింది."

"అయితే నమ్ముతా."

పూర్తిగా నమ్మలేదు. ఎకరం మధ్యలో గట్టు వేశాడు. సగంలో తన యూరియా తను వేసుకున్నాడు. సగం మాత్రం వెయ్యకుండా నా కోసం ఉంచాడు. ఆ అర ఎకరం కోసం నేను ఎనిమిది రోజులు ఆ గదిని బాలింత గదిలాగా కాశాను. కొబ్బరినీళ్ళు రెండుసార్లు మరిగించాను. చెప్పులతో ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. మా తోటికోడల్ని వెటకారం ఆడేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోమన్నాను, తుంపర్లు పడతాయని. కట్టుకుని మరీ ఆడింది.

ఎనిమిదో రోజు మేడం మైక్రోస్కోపు పెడితే, అతను కూడా వచ్చి చూశాడు. పెద్దకోడలు అటూ ఇటూ పరుగులు తీస్తోంది.

"మా పంచాయతీ వాళ్ళకన్నా చురుగ్గా ఉన్నాయండి" అన్నాడు మేడంతో. తనే గెత్తం తట్టలకెత్తుకున్నాడు. మేం పది మందిమీ వెళ్ళి ఆ అర ఎకరంలో చల్లాం. చల్లేటప్పుడు మా తోటికోడలు కూడా వెటకారం ఆడలేదు.

తర్వాత నెల నాకు బాగా గడవలేదు. యూరియా వేసిన సగం కొత్త చీర కట్టినట్టు ముదురాకుపచ్చ. మా సగం లేతగా, ఉతికి ఆరేసినట్టు ఉంది. గట్టు మీద నుంచి వెళ్ళేవాళ్ళు ఆగి, "మామ్మా, కోడళ్ళు శుక్రవారాలు ఉపవాసం ఉంటున్నారా?" అనేవారు. నేను రోజూ పొద్దున్నే అటే వెళ్ళి, దుబ్బుల్ని వేళ్ళతో విడదీసి పిలకలు లెక్కపెట్టి వచ్చేదాన్ని. అతను కనపడితే ఏదో ఒకటి మాట్లాడేదాన్ని, పైరు గురించి తప్ప. అతనూ అంతే. పైరు గురించి మాట్లాడుకోకుండా ఇద్దరం అంతసేపు ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు గుర్తు లేదు.

పొట్ట దశకి వచ్చేసరికి రంగు తేడా తగ్గింది. కంకి వెన్ను తీసేసరికి ఏది ఏ సగమో గట్టు చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. నా కళ్ళు మంచివి కావు గనక దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

కోతల రోజు మిషన్ని రెండు సగాలకీ వేరువేరుగా తిప్పించాడు. రెండు కుప్పలు పోయించాడు. నేను వెళ్ళలేదు. గదిలో డ్రమ్ములు తోముతూ కూర్చున్నాను. సాయంత్రం అతనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తల నిండా ఊక.

"తేడా లేదు పిన్నీ" అన్నాడు.

నా చేతిలో పీచు జారిపోయింది. ఇన్ని రోజులు కాచినది దీనికా అనిపించింది. మా తోటికోడలు నా మొహం చూసి, మొదటిసారి నా తరఫున మాట్లాడింది. "పోనీలే బాబూ, ఈసారికి ఏదో అయింది. నీకు నష్టం రాకుండా ఉంటే చాలు."

"నష్టమేంటి చిన్నపిన్నీ? రెండూ సమానంగా పండాయి అంటున్నాను. ఒకదానికి యూరియా పడింది. ఇంకోదానికి పడలేదు." మమ్మల్ని ఇద్దర్నీ చూసి, పిల్లలకి ఎక్కం చెప్పినట్టు మళ్ళీ చెప్పాడు. "పడలేదు. అయినా పండింది."

నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. చదివినదే కాదు, విన్నది కూడా నాకు నెమ్మదిగానే ఎక్కుతుందని ఆ రోజు తెలిసింది.

"అయితే ఏమంటావు?" అన్నాను.

"వచ్చే పంట దాళ్వాకి మూడెకరాలకీ కావాలి. ఊడ్పుల ముందే కావాలి. నారు ముంచుకోవాలి." మెట్టు దిగబోయి ఆగాడు. "మా బావమరిది కూడా అడుగుతున్నాడు. వాడికి మాత్రం నువ్వు ఏమీ చదివి పెట్టకు."

నేను పీచు తీసుకుని మళ్ళీ డ్రమ్ము తోమడం మొదలుపెట్టాను. మా తోటికోడలు కొబ్బరి షెడ్డుకి బిందెలు పట్టుకెళ్ళింది.